అంచు బట్టలో లేచిన ఇసుకరాజు

ఈ ప్రయాణానికి మూలం నేను తిట్టిన ఒక తిట్టు.

హైదరాబాద్‌లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా పని. ఒక మధ్యాహ్నం ఎడమ చేత్తో ఫోన్ తోస్తూ కుడి చేత్తో అన్నం తింటుంటే ఒక వీడియో వచ్చింది. ఎడారి. సెట్టు కాదు, అసలు సిసలు ఎడారి. టోపీలు పెట్టుకున్న ముగ్గురు ఇసుక తవ్వుతున్నారు. గుంతలో ఒక రాజు శవం. ఒళ్లంతా తెల్లగుడ్డ చుట్టి ఉంది, ముఖం మాత్రమే బయటికి. తవ్వేవాళ్లలో ఒకడు వెనక్కి గెంతి, "ముట్టకుండ్రి, శాపం తగుల్తది!" అన్నాడు.

నేను కింద రాశాను: "ఇది వేల ఏళ్ల శవమా, దుప్పటి కప్పుకుని పడుకున్న హాస్టల్ మనిషా? దీన్ని ఎడిట్ చేసినవాణ్ని కూడా అదే గుంతలో పూడ్చండి."

రెండు నిమిషాల్లో జవాబు: "గది దుప్పటే చెల్లె. మా క్యాంపుది. ఎడిటింగ్ జేసింది నేనే. నీకు చాతనైతే అచ్చి చెయ్యి."

నన్ను ఎన్ని మాటలన్నా పడతాను గానీ "చాతనైతే" అంటే మాత్రం పడను. ఆ గురువారమే జగిత్యాల బస్సెక్కాను.

జగిత్యాల: కందకం పక్కన ముంజలు

బస్టాండ్‌లో నన్ను తీసుకెళ్లడానికి వచ్చినవాడే నాకు జవాబు రాసినవాడు, ఆ వీడియో డైరెక్టర్. పేరు గంగాధర్. నలభై దాటి ఉంటాయి. గల్ఫ్‌లో పద్నాలుగేళ్లు నీళ్ల ట్యాంకర్ నడిపి, నిరుడు తిరిగొచ్చి ఇక్కడ ఫొటో స్టూడియో పెట్టుకున్నాడు.

"నన్ను గుంతల పూడ్సుమన్నది నువ్వేనా?" అన్నాడు.

"నేనే. ఇంకా అదే మాట మీదున్నా."

"మంచిది. ముందుగాల ముంజలు తిందువు రా. పూడ్సుడు మెల్లగ జూద్దాం."

వాళ్లది కల్లు గీసే ఇల్లు. తమ్ముడు ఇప్పటికీ చెట్లెక్కుతాడు. ఖిల్లా కందకం పక్కన నీడలో కూర్చుని తాటికాయలు కొట్టి ఇచ్చాడు. మా దగ్గర డజను ముంజలకు వంద అడుగుతారు, అవి కూడా ముదిరి రబ్బరులా ఉంటాయి. ఇక్కడ కాయలోకి బొటనవేలు పెట్టి లాగితే చల్లగా జారి నోట్లో పడతాయి. మొదటి కాయలో వేలు గట్టిగా దించాను. నీళ్లు చిమ్మి నా ఫోన్ మీద పడ్డాయి. నేను కేక పెట్టాను.

"ఫోన్ పక్కన వెట్టి తినరాదు?" అన్నాడు తమ్ముడు. ఎంత అని అడిగితే, "పైసలు గియిసలంటే నిన్నే చెట్టెక్కిస్త" అన్నాడు.

ఖిల్లా గోడలు నల్లగా, బలంగా ఉన్నాయి. బురుజుల మీద ఫిరంగులు ఎండకు కాలి ముట్టుకోనివ్వలేదు. నేల మీద నిలబడితే దీని ఆకారం తెలియదు. ఫోన్‌లో మ్యాప్ తెరిచి పైనుంచి చూస్తే నక్షత్రం! గంగాధర్ అన్నకు చూపించబోయాను.

"తెలుసు చెల్లె. చిన్నప్పుడు దీని పక్కపొంటే బడికి పోయిన. గిది నక్షత్రమని మాత్రం నాకు దుబాయిల ఫోన్ల జూస్తెనే తెలిసింది. గక్కడ్నే గీ కథ పుట్టింది."

స్టూడియోలో కూర్చోబెట్టి మిగతా షాట్లన్నీ చూపించాడు. తీసింది గల్ఫ్ క్యాంపులో ఒకే గదిలో ఉండే ఏడుగురు, అందరూ జగిత్యాల, కోరుట్ల వైపు వాళ్లే. వారానికి శుక్రవారం ఒక్కటే సెలవు. పొద్దున బట్టలు ఉతుక్కుని, ఇంటికి ఫోన్ చేసి, మధ్యాహ్నం ఎడారిలోకి నడిచేవారట. అన్వేషకుల తలల మీద దీపాలు పనిచేసే చోట హెల్మెట్‌కు తగిలించుకునేవి. సమాధి తలుపు పాత ప్యాకింగ్ చెక్క. తాపీ పని చేసే ఒకడు దాని మీద సిమెంటు పూసి, మేకుతో అక్షరాలు చెక్కాడు. ఆ అక్షరాలు ఏ భాషవి అని అడిగితే, "వాని సొంత పేరే, తిప్పి రాసిండు" అన్నాడు.

కథ ఇది. ముగ్గురు అన్వేషకులకు ఈ ఖిల్లాలో ఒక రాగిరేకు దొరుకుతుంది. ఈ గడ్డ నుంచి వ్యాపారానికి వెళ్లి ఎడారిలో చనిపోయిన ఒక రాజు సమాధి గుర్తులు దాని మీద ఉంటాయి. వెళ్లి తవ్వుతారు. సమాధి తెరిచినవాళ్లకు ఇంటి దారి దొరకకూడదని శాపం. రాజును తన ఖిల్లాకు చేర్చి లేపితేనే ఆ శాపం విడుస్తుంది. వాళ్లు శవాన్ని మోసుకొస్తారు. ఇక మిగిలింది ఆ ఒక్క సీను: ఖిల్లాలో ఇసుకరాజు లేవడం.

చాలామంది పెద్ద కెమెరాలతో తీసిన పెళ్లిళ్లు నా కంప్యూటర్‌లో పడి ఉంటాయి. ఒక్కదానిలో కూడా ఇంత ఆకలి చూడలేదు. పైకి మాత్రం, "సౌండ్ దరిద్రంగా ఉంది" అన్నాను.

"రాజు వేషం వేసినోడు శేఖర్. ఛుట్టీల అచ్చిండు. సోమారం విమానం," అన్నాడు అన్న. "ఆదివారం తియ్యాలె. లేకుంటే మల్ల రెండేండ్లు."

"తీద్దాం. ఏంటి కష్టం?"

"శేఖర్ వాళ్లవ్వ ఒప్పుకుంటలేదు."

కోరుట్ల: ఆకుల మీద అడుగు

కోరుట్లలో ఏ వీధిలో చూసినా పాస్‌పోర్టు ఫొటోలు, టికెట్లు, అత్తర్లు అమ్మే బోర్డులే. మా వీధిలో పాలప్యాకెట్ల షాపు ఉన్నంత మామూలుగా ఇక్కడ ట్రావెల్స్ షాపు ఉంటుంది. బస్టాండ్ దగ్గర పది రూపాయల చాయ్ తాగుతుంటే పక్క బల్ల మీద ఇద్దరు ముసలివాళ్లు ఏ దేశంలో ఎంత ఎండో పోల్చుకుంటున్నారు, మనం ఏ హోటల్లో బిర్యానీ బాగుంటుందో పోల్చుకున్నట్టు.

శేఖర్ తల్లి లసుమవ్వ బీడీలు చేస్తుంది. గుమ్మంలోకి అడుగుపెడుతూ నేను ఛార్జింగ్ ఎంతుందో చూసుకుంటున్నాను. కాలి కింద మెత్తగా తగిలింది. కత్తిరించి తడిగుడ్డ మీద పరిచిన తునికాకులు.

"ఓ పిల్లా! కండ్లు ఫోన్ల వెట్టి కాళ్లు ఆకుల వెడితివి! పొద్దటి సంది కత్తిరించిన గవి!"

"అవ్వా, హైదరాబాద్ నుంచి అచ్చింది. ఎడిటరు," అన్నాడు శేఖర్ లోపలి నుంచి. ఇరవై ఆరేళ్లు ఉంటాయి. వీడియోలో రాజుగా చూసిన ముఖం బనీను మీద చూస్తే నవ్వొచ్చింది.

"ఎడిటరైతే కిందికి సూడొద్దని ఉన్నదా?"

సారీ చెప్పి, నలగని ఆకులు ఏరి ఇచ్చాను. ఆమె ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంది. ఆకు చుట్టడం, దారం వేయడం, మూతి ముడవడం. ఒక్కసారి కూడా చేతుల వైపు చూడలేదు. నేను ఫోన్ చూడకుండా టైప్ చేస్తానని గొప్ప చెప్పుకునేదాన్ని. ఆ రోజు నుంచి మానేశాను.

గంగాధర్ అన్న మెల్లగా మొదలుపెట్టాడు. "వదినె, ఆదివారం ఒక్కపూట. పోరడు గంటసేపు పంటడు, లేస్తడు. అయిపాయె."

"సినిమా తియ్యొద్దంటలేను. గా తెల్లగుడ్డ సుట్టుకోని పండొద్దంటున్న."

నేను ఆగలేకపోయాను. "పెద్దమ్మా, అది సినిమా! సినిమాల్లో రోజుకు వంద మంది చస్తారు. వాళ్లకు అమ్మలు లేరా?"

లసుమవ్వ చేతిలో బీడీ కింద పెట్టింది. "ఉంటరు బిడ్డా. గాళ్ల అవ్వలు పెట్టె దించుకోలే."

అదేం పెట్టో ఆమే చెప్పింది.

"శేఖర్ వాళ్ల బాపు గల్ఫ్‌కెల్లి పెట్టెల అచ్చిండు. పదకొండేండ్లాయె. తెల్లగుడ్డ సుట్టి తెచ్చిండ్రు, ముఖం ఒక్కటే సూపిచ్చిండ్రు. గా గుడ్డకు ఇటు లేదు అటు లేదు అంచు. అంచులేని బట్ట బతికున్నోని మీద ఎవలన్న కప్పుతరా? మొన్న పక్కింటి పోరి ఫోన్ వట్టుకచ్చి, 'అవ్వా సూడు నీ కొడుకు' అన్నది. ఇసుకల గట్లనే సుట్టి పండవెట్టిండ్రు. గది సినిమా అని తెలిసేదాక నా పానం నాతాన లేదు."

ఆ వీడియోనే నేను తిట్టింది. దుప్పటి అని వెక్కిరించాను. ఆమెకు కనిపించింది దుప్పటి కాదు.

అయినా ఆమె మమ్మల్ని తినకుండా పంపలేదు. గిన్నె లోపలి వైపు పిండి అద్ది కాల్చిన సర్వపిండి పెట్టింది. పల్లీలు, నువ్వులు, అడుగున కరకర. నేను రెండు తిన్నాను, మూడోది అడగడానికి మొహం చెల్లలేదు. ఆమే వేసింది. "కోపం జేసెటోళ్లకు ఆకలెక్కువ," అంది.

బయటికొచ్చాక నేను అన్నాను: "వేరే ఎవరినైనా చుట్టి పడుకోబెడదాం. శేఖర్ ముఖం నేను కంప్యూటర్‌లో అతికిస్తా."

శేఖర్ ఒప్పుకోలేదు. "వద్దక్కా. నాలుగు శుక్రవారాలు గా ఇసుకల కాలిన. నేనే లెవ్వాలె. గట్లని మా అవ్వను ఏడిపియ్య. రెండూ గాకుంటే సినిమా ఆగనియ్యుండ్రి."

సిరిసిల్ల: ఆగిన సాంచాలు

నేను ఆగనివ్వదలచుకోలేదు. శనివారం పొద్దున్నే గంగాధర్ అన్నను లాక్కుని సిరిసిల్ల వెళ్లాను. ఎవరిని చుట్టినా తెల్లగుడ్డ కావాలి కదా, అది తెచ్చుకుంటే తర్వాత ఎవరో ఒకరు మెత్తబడతారని నా లెక్క.

సిరిసిల్లలో సాంచాలంటే మరమగ్గాలు. సందులోకి అడుగుపెడితే ఆ మోతకు పక్కవాళ్ల మాట కూడా వినిపించదని విన్నాను. ఆ రోజు మాత్రం గోడ మీద పిచ్చుక అరుపు కూడా వినిపించింది. ఆర్డర్లు లేవు. వీరేశం అనే ఆయన షెడ్డులో ఆరు సాంచాలుంటే రెండు నడుస్తున్నాయి. కొడుకులిద్దరూ భీవండిలో మగ్గాల మీద పనికి పోయారు. ఇక్కడ మగ్గాలు ఆపుకుని, అక్కడ ఎవరివో నడుపుతున్నారు.

"ఎన్ని మీటర్లు? ఎందుకు?" అన్నాడాయన.

అన్న మొత్తం చెప్పాడు. లసుమవ్వ మాట కూడా. వీరేశం కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఆమె అన్నదాంట్ల తప్పు లేదు. నేను అంచేసిస్త. అంచుంటే ఒప్పుకుంటదేమో అడుగుండ్రి."

"అంచేస్తే వేల ఏళ్ల రాజు లుంగీ కట్టుకున్నట్టు ఉంటాడు తాతా!"

"తాతనా? నీ పెండ్లిల డాన్స్ జేసెటోన్ని నేను. పెద్దబాపు అను." తర్వాత సాంచా మీద చెయ్యి వేసి, "ఆడెవడన్నవు, రాజా? బీదోనికే అంచేసి కట్టవెట్టినం గీ సాంచల మీద. రాజుకుండదా అంచు?" అన్నాడు.

నేను ఫోన్ తీశాను. 

శేఖర్‌కు వీడియో కాల్ చేసి, ఫోన్ లసుమవ్వకు ఇవ్వమన్నాను. వీరేశం ఒక పాత తువ్వాల అంచు ఫోన్ ముందు పట్టాడు.

"సన్నగున్నది," అంది ఆమె.

"ఎంతుండాలె అవ్వా?" అని అడిగాడు వీరేశం.

"రెండు వేళ్ల ఎడల్పు. దూరంకెల్లి కనవడాలె. ఎర్రది వెట్టు, పక్కపొంటి పసుపు."

"గట్ల అంచేస్తే పండనిస్తవా మరి?" అన్నాడు వీరేశం.

లసుమవ్వ ఫోన్ ఇంకా దగ్గరికి పెట్టుకుని అంచును మళ్లీ చూసింది. తర్వాత, "సుట్టుడు నేను సుడత. ఇంకెవలు ముట్టొద్దు," అంది.

ఆగి ఉన్న ఒక సాంచా మీద తెల్ల నూలు అప్పటికే ఎక్కించి ఉంది. వీరేశం దాని రెండు అంచుల్లో తెల్ల పోగులు తెంపాడు. వెనక రంగు నూలు కండెలు వేలాడదీసి, బిగువు కోసం వాటికి రాళ్లు కట్టాడు. ఆయన భార్య కూర్చుని పోగుపోగుకూ ముడేసింది. మూడు గంటలు పట్టింది. నేను ఒక్క ముడి వేస్తానని కూర్చున్నాను. నా ముడి జారింది. ఆమె నవ్వి, నా వేళ్ల మధ్య నుంచే ఆ పోగు తీసుకుని ముడేసేసింది.

సాంచా మొదలైనప్పుడు నేల అదిరింది. వీరేశం నా చెవి దగ్గర అరిచాడు: "పదిరోజులాయె దీని సప్పుడు ఇనక!" ఆయన ముఖం చూస్తే కొత్తగా పెళ్లి కుదిరినవాడిలా ఉంది. తెల్ల గుడ్డకు కత్తితో గీసినట్టు ఎర్ర అంచు, పక్కనే పసుపు గీత దిగుతుంటే నేను ఫోన్‌లో తీస్తూనే ఉన్నాను. ఉత్త తెల్లగుడ్డ ధరే తీసుకున్నాడు. అంచుకు ఎంత అంటే, "సినిమాల నా పేరెయ్యి. పెద్దగ ఎయ్యి, నా కొడుకులకు భీవండిల కనవడాలె" అన్నాడు.

వచ్చే దారిలో అసలు సమస్య గుర్తొచ్చింది. ఎడారి షాట్లలో అంచు లేదు. ఖిల్లా షాట్లలో అంచు ఉంటుంది. శవం ఒకటే, గుడ్డలు రెండు. చూసినవాళ్లు నవ్వరూ? బస్సు వేములవాడలో ఆగింది. గుండు కొట్టించుకున్న పిల్లల్ని ఎత్తుకుని జనం ఎక్కారు. నేను ఫోన్‌లో ఎడారి షాట్లు పదోసారి చూస్తున్నాను. అంచు లేదు, చచ్చిపోయి ఉన్నాడు. అంచు ఉంది, లేస్తున్నాడు. అంతే కదా! లేచే ముందు గుడ్డకు అంచు పుట్టుకొస్తే చాలు. రాజుకు ప్రాణం వస్తోందని ఒక్క డైలాగు కూడా చెప్పక్కర్లేదు. ఈ ఊళ్లలో ప్రతి తల్లికీ అర్థమవుతుంది.

నేను సీట్లోంచి లేచి ఒక్క అరుపు అరిచాను. పక్కన కూర్చున్న ముసలామె నా చెయ్యి పట్టుకుంది. "ఏమాయె బిడ్డా? ఎవలన్న పోయిండ్రా?"

"లేదమ్మా. లేచిండు!"

ఆమె కొంచెం పక్కకు జరిగి కూర్చుంది.

మళ్లీ జగిత్యాల: బురుజు కింద

ఆదివారం ఎండ దిగాక లసుమవ్వ ఆటోలో వచ్చింది. ఒక్కతే కాదు, బీడీలు చేసే మరో నలుగురిని వెంట తెచ్చుకుంది. వాళ్లు షూటింగ్ చూడ్డానికి రాలేదని వాళ్ల ముఖాలు చెప్తున్నాయి. ఆమెకు తోడుగా వచ్చారు.

ఆమె గుడ్డ విప్పి చూసింది. అంచును బొటనవేలితో రుద్ది, రంగు అంటుతుందేమో చూసుకుంది. పాదాల దగ్గర మొదలుపెట్టి కొడుకును చుట్టింది. ప్రతి చుట్టుకూ ఎర్ర అంచు పైకే కనపడేలా లాగి సర్దింది. శేఖర్ నవ్వాడు.

"చక్కిలిగిలైతున్నదే అవ్వా."

"నవ్వకు. రాజువు గదా, బిగవట్టి ఉండు."

బురుజు కింద రాతి మీద పడుకోబెట్టాం. నా ఫోన్ పక్క నుంచి, అన్న కెమెరా పైనుంచి. అన్వేషకుల్లో పెద్దవాడి వేషం గంగాధర్ అన్నదే. అతను మంత్రం చదవాలి, చదవగానే రాజు లేవాలి. యాక్షన్ నేనే చెప్పాను.

అన్న మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాపాడు. అరచేతిలో మంత్రం రాసుకున్నాడు. చెమటకు అది కరిగిపోయింది. అరచేతి వైపు ఒకసారి చూశాడు, ఆకాశం వైపు ఒకసారి చూశాడు. నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. నేను కట్ చెప్పాల్సింది, చెప్పలేదు. ఫోన్‌లో శేఖర్ ముఖం ఒక్కటే కనిపిస్తోంది. కళ్లు మూసుకుని ఊపిరి బిగబట్టి ఉన్నాడు. వాడికి మంత్రం వినబడే దాకా కదలొద్దని చెప్పాం, వాడు కదలట్లేదు. గాలికి కాళ్ల దగ్గర అంచు కొంచెం లేచి పడింది. మళ్లీ ఏమీ లేదు. ఇది సినిమా అని నాకు నేనే గుర్తుచేసుకోవాల్సి వచ్చింది.

అప్పుడు నా వెనక నుంచి గొంతు చీల్చుకున్నట్టు ఒక కేక.

"శేఖరూ! లే కొడుకా! లే!"

వాడు ఒక్క ఉదుటున లేచి కూర్చున్నాడు. ఒళ్లంతా ఎర్ర అంచు, ముఖం నిండా భయం. ఎక్కడున్నాడో తెలియని మనిషి ఇల్లు వెతుక్కున్నట్టు చూశాడు. ఏ నటుడూ అలా చూడలేడు. ఆ నలుగురు ఆడవాళ్లలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకొకామె గట్టిగా చప్పట్లు కొట్టింది.

"కట్, కట్!" అన్నాడు గంగాధర్ అన్న. "నాదే తప్పు. ఇంకో టేక్ తీద్దాం. మంత్రం సదువకముందే లేసిండు."

"ఇంకో టేక్ లేదు," అన్నాను.

"మంత్రం లేకుంటే రాజెట్ల లేస్తడు చెల్లె? శాపం ఎట్ల విడుస్తది?"

"విన్లేదా నువ్వు? ఆమె పిలిచింది, లేచాడు. దానికి మించిన మంత్రం నీ దగ్గరుంటే చదువు, మళ్లీ తీస్తా."

"ముగ్గురు అన్వేషకులు ఇన్ని తిప్పలు వడితే, ఆఖరికి లేపుడు ఆమె లేపుతదా?"

"అవును. ఆమె గొంతు తీసేస్తే నేను ఈ సినిమా ముట్టను. హైదరాబాద్ వెళ్లిపోతా. నువ్వే ఎడిట్ చేసుకో, మళ్లీ దుప్పట్లు కప్పుకో."

ఖిల్లాలో నా అరుపు నాకే తిరిగి వినిపించింది. అన్న అరచేతిలో మిగిలిన సిరా మరకను ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఫోన్‌లో ఆ షాట్ పెట్టి చూపించాను. ఒకసారి చూశాడు. రెండోసారి చూస్తూ కళ్లు తుడుచుకుని, "సౌండ్ మంచిగ అచ్చింది," అన్నాడు.

నేను చాలా పెళ్లిళ్లకు సంగీతం అతికించాను. ఏ తల్లి గొంతునూ ఒక సినిమాకు పతాక సన్నివేశంగా పెట్టే అదృష్టం ఇప్పటిదాకా నాకు దక్కలేదు. ఆ షాట్‌కు ఎడిటర్‌గా నా పేరు పడుతుంది. దాని కింద వస్త్రం వీరేశం, సిరిసిల్ల అని, గొంతు లసుమవ్వ, కోరుట్ల అని పడతాయి. మూడు పేర్లూ ఒకే సైజులో పెడతాను.

లసుమవ్వకు ఇవేవీ పట్టలేదు. కొడుకును నిలబెట్టి, చుట్టూ తిరుగుతూ గుడ్డ విప్పుతోంది. మొత్తం విప్పి, మూరతో కొలిచి, మడతపెట్టి చంకలో పెట్టుకుంది.

"మూడు లుంగీలైతయి," అంది. "రేపు నీ బ్యాగుల వెడత."